సౌదీ గదిలో బీన్స్ దాలి



ఈ పూట ఒక రాత్రి భోజనం గురించి మాట్లాడుకుందాం. అమెరికాలో దాన్ని పోర్క్ అండ్ బీన్స్ అంటారు. ఎండు బీన్స్ గింజలు, ఉప్పులో ఊరిన పంది మాంసం ముక్క, ఉల్లిపాయ, చెరకు మడ్డిలాంటి తీపి, కాస్త టమాటా. ఇవన్నీ స్లో కుక్కర్ అనే కరెంటు కుండలో వేసి, మూతపెట్టి, పొద్దున పనికి వెళ్ళి సాయంత్రం వచ్చి తింటారు. సౌదీ అరేబియాలో పంది మాంసం అమ్మరు, దిగుమతి కానివ్వరు, ప్రయాణికుల సామానులోనూ రానివ్వరు. మరి రియాద్‌లోనో, దమ్మామ్‌లోనో, జుబైల్‌లోనో ఉంటున్న తెలుగువాళ్ళకు ఈ వంటతో పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉంది. ఈ వంటకు ప్రాణం మాంసంలో లేదు, గింజలో ఉంది, ఆ గింజకు గంటల తరబడి తగిలే చిన్న సెగలో ఉంది. పంది మాంసం తీసేస్తే వంట కుంటుపడదు. ఇంకా చెప్పాలంటే, ఈ కుండ ఆలోచన పుట్టిందే పంది మాంసం ముట్టని బీన్స్ వంటలోంచి. పొద్దుగూకాక అలసి గదికి చేరే మనిషికి సౌదీలో ఇంతకంటే కలిసొచ్చే భోజనం అరుదని నా నమ్మకం. అయితే ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త కావాలి. దాన్ని దాటవేసి ఈ వంట గురించి చెప్పడం తప్పు కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుతాను.

ముందు కుండ పుట్టుక చూద్దాం. ఇర్వింగ్ నాక్సన్ అమెరికాలో పుట్టిన యూదు ఇంజనీరు. వాళ్ళ అమ్మ పుట్టిల్లు లిథువేనియా. అక్కడి యూదులు శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే దాకా నిప్పు రాజేయరు, వంట చేయరు. శనివారం వేడి భోజనం కావాలంటే శుక్రవారమే గింజలు, బార్లీ, మాంసం కుండలో వేసి, ఊరి రొట్టెల బట్టీ దగ్గరికి పంపేవారు. రాత్రంతా ఆ బట్టీ ఆరిపోతూ ఇచ్చే వేడికి కుండ ఉడికేది. ఆ వంట పేరు చోలెంట్. యూదులకు పంది మాంసం నిషిద్ధం కనుక ఆ కుండలో అది ఎన్నడూ పడలేదు. అమ్మ చెప్పిన ఈ సంగతి నాక్సన్ మనసులో ఉండిపోయింది. కరెంటుతో, మంట లేకుండా, కుండ చుట్టూ సన్నని వేడి పుట్టించే పరికరం ఒకటి తయారుచేసి 1940లో పేటెంటు పొందాడు. దాన్ని నాక్సన్ బీనరీ అన్న పేరుతో అమ్మారు. పేరులోనే గింజ ఉంది చూడండి. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొనుక్కుంది. మరుసటి ఏడు, 1971లో, అదే పరికరాన్ని కాస్త మార్చి క్రాక్‌పాట్ పేరుతో బజారులోకి తెచ్చింది. అమెరికా ఇల్లాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళడం పెరుగుతున్న కాలం అది. కుండ ఇంటింటికీ చేరింది. కనుక సౌదీలో పంది మాంసం లేకుండా ఈ కుండలో గింజలు ఉడికించడమంటే, ఉన్నదాన్ని తగ్గించుకోవడం కాదు, కుండ మొదట చేసిన పనినే మళ్ళీ చేయించడం.

ఇక చిన్న సెగ సంగతి మనకు ఒకరు నేర్పాల్సింది కాదు. పల్లెల్లో దాలి చూసినవాళ్ళు ఈ ప్రసంగం వింటూనే ఉంటారు. కొట్టం పక్కన గుంట, గుంటలో పిడకలు, పిడకల మీద ఊక, పైన పాలకుండ. మంట లేవదు, పొగ మాత్రం సన్నగా వస్తుంది. పొద్దున పెట్టిన పాలు మాపటికి లేత ఎరుపు తిరిగి, పైన మీగడ అట్టు కట్టినట్టు ఉంటుంది. స్లో కుక్కర్ చేసేది సరిగ్గా ఈ పనే. దాన్ని కరెంటు దాలి అనుకుంటే మనవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల ఉలవచారు కూడా ఈ కోవలోదే. ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు పశువులకు పెట్టి, మిగిలిన కట్టును గంటల కొద్దీ మరిగించి చిక్కబరచిన చారు అది. ఎద్దు తిన్న గింజ నీళ్ళు ఈ రోజు పెళ్ళి విందుల్లో మీగడ వేసి వడ్డించే వంటకమయ్యాయంటే, ఆ గొప్పతనం ఖరీదైన సరుకుది కాదు, ఓపికది.

సౌదీ వాళ్ళకూ ఇదే ఓపిక ఉంది. పొద్దున ఏ ఫూల్ దుకాణం ముందైనా నిలబడి చూడండి. పెద్ద కడుపు, ఇరుకు మెడ ఉన్న లోహపు కుండ పొయ్యి మీదకు కాస్త ఒరిగి ఉంటుంది. దాన్ని జర్రా అంటారు. మూతి ఇరుకు కనుక ఆవిరి బయటికి పోదు, నీళ్ళు ఇగరవు, గింజ చితకదు. రాత్రంతా అందులో ఉడికిన ఫూల్ అనే పెద్ద చిక్కుడు జాతి గింజను దుకాణదారు పొడుగు కాడ గరిటెతో తోడి, గిన్నెలో మెదిపి, జీలకర్ర పొడి, నెయ్యి లేదా ఆలివ్ నూనె వేసి, పొయ్యిలోంచి అప్పుడే తీసిన తమీస్ రొట్టెతో ఇస్తాడు. జిద్దాలో, మక్కాలో పొద్దుటి ఆకలికి ఇదే ఆసరా. గోధుమను మాంసంతో గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ సంగతి సరేసరి. 2023లో యునెస్కో దాన్ని సౌదీ, ఎమిరేట్స్, ఒమాన్ దేశాల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. ఆ హరీస్ హైదరాబాదు బార్కస్‌లో ఎప్పటినుంచో ఉంది. నిజాం కొలువులో సైనికులుగా వచ్చిన హద్రమౌత్ అరబ్బుల వారసులు అక్కడ స్థిరపడ్డారు. హరీస్‌కు చుట్టమైన హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చిన్న సెగ మీద గింజనూ మాంసాన్నీ ఒకటిగా కలిపే విద్యలో తెలుగు నేలకూ ఈ ఎడారికీ ఇంత పాత బంధుత్వం ఉంటే, మధ్యలో అమెరికా కుండ వచ్చి చేరడంలో వింత లేదు.

పంది మాంసం లేకపోతే ఆ రుచి ఎలా వస్తుంది, దాని బదులు ఇంకేం వేసినా ఉత్త పప్పుకూరే కదా అన్న మాట వస్తుంది. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పంది మాంసం ఇష్టంగా తినే ఇళ్ళున్నాయి. ఆ రుచి ఎరిగినవాళ్ళకు లోటు లోటే. కానీ ఆ ముక్క కుండలో చేసే పనేమిటో విడదీసి చూస్తే నాలుగు కనిపిస్తాయి. ఉప్పు ఇస్తుంది. కొవ్వు ఇస్తుంది. తోలూ నరమూ కరిగి నీళ్ళకు జిగురు పట్టిస్తుంది. పొగబెట్టిన ముక్క అయితే పొగ వాసన ఇస్తుంది. ఉప్పు సంగతి చెప్పనక్కర్లేదు. జిగురు కావాలంటే గొర్రె ముందుకాలి పిక్క ముక్కలు ఎముకతో సహా వేయాలి. ఎనిమిది గంటల సెగకు ఎముక చుట్టూ ఉన్న నరం కరిగి, పులుసు చల్లారితే పేరుకునేంత చిక్కబడుతుంది. మెత్తటి తొడ మాంసం ఇందుకు పనికిరాదు, పీచులా విడిపోతుంది. ఖరీదు తక్కువ ముక్కే ఇక్కడ మేలు. కొవ్వుకు ఈ దేశంలో కొరతే లేదు. ఇక్కడి నఈమీ గొర్రె తోక నిండా కొవ్వే. దాన్ని లియ్యా అంటారు. కసాయి దుకాణంలో అడిగితే చిన్న ముక్క కోసి ఇస్తారు. నిమ్మకాయంత ముక్క కుండ మొత్తానికి చాలు. పొగ వాసనకు పొగబెట్టిన మిరప పొడి ఒక చెంచా వేస్తే సరిపోతుంది. సూపర్ మార్కెట్లలో గొడ్డు మాంసంతోనూ టర్కీ కోడితోనూ చేసిన బేకన్ దొరుకుతుంది. ఎవరి ఆచారాన్ని బట్టి వాళ్ళు ఎంచుకోవచ్చు. మాంసమే వద్దనుకునేవాళ్ళు నూనెలో ఎర్రగా వేయించిన ఉల్లిపాయ రెట్టింపు వేసుకుంటే అందులోనూ మంచి లోతు ఉంటుంది. గోదావరి జిల్లాల వాళ్ళ పెట్టెలో ఎండు రొయ్యలు ఎలాగూ ఉంటాయి, వేయించి దంచి గుప్పెడు వేసుకోవచ్చు. బీన్స్‌తో ఎండు రొయ్య కలుస్తుందా అనకండి, చిక్కుడు గింజతో కలిసినప్పుడు దీనితో ఎందుకు కలవదు?

తీపి విషయంలో మాత్రం సౌదీ వంట అమెరికా వంటను మించుతుందని చెబుతాను. వాళ్ళు వేసే చెరకు మడ్డికి బదులు ఇక్కడ ఖర్జూర పాకం ఉంది. దిబ్స్ అంటారు. అల్ అహ్సా ఒయాసిస్సులో 25 లక్షల ఖర్జూర చెట్లున్నాయి. 2018లో అది ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేరింది. ఆ పాకం నల్లగా, చివర చిన్న చేదుతో ఉంటుంది. ఆ చేదు వల్లే తీపి వెగటనిపించదు. బెల్లం వేసినా తప్పు లేదు గానీ, ఏ బకాలా కొట్టులోనైనా సీసా దొరుకుతున్నప్పుడు దీన్ని వాడుకోవడమే బాగు.

ఇప్పుడు ముందే చెప్పిన జాగ్రత్త. ఎర్ర రాజ్మా గింజలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగ్గా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో విపరీతమైన వాంతులు, తర్వాత విరేచనాలు పట్టుకోవచ్చు. బాగా మరిగే నీళ్ళలో ఇది నశిస్తుంది. చిక్కంతా ఎక్కడుందంటే, స్లో కుక్కర్‌లో నీళ్ళు కొన్నిసార్లు ఆ వేడికి చేరవు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి స్పష్టంగా హెచ్చరించింది. ఇలాంటి కుండల్లో వండినప్పుడు లోపలి వేడి చాలాసార్లు 75 డిగ్రీలు దాటలేదని, దాదాపు 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన గింజ పచ్చి గింజకంటే అయిదు రెట్లు ఎక్కువ హాని చేయవచ్చని చెప్పింది. అంటే, గింజ మెత్తబడి నోటికి ఉడికినట్టే అనిపిస్తుంది, లోపల విషం మాత్రం అలాగే ఉంటుంది. పచ్చి గింజను ఎవరూ నమలరు, సగం ఉడికినదాన్ని మాత్రం గిన్నెడు తింటారు. ప్రమాదం అక్కడుంది. కనుక ఎండు గింజను నేరుగా స్లో కుక్కర్‌లో వేయకూడదు. కనీసం 5 గంటలు నానబెట్టాలి. ఆ నీళ్ళు పారబోయాలి. కొత్త నీళ్ళు పోసి, పొయ్యి మీద తెర్లుతున్న నీళ్ళలో 30 నిమిషాలు ఉడికించాలి. బుడగలు గలగలమంటూ ఉండాలి, ఏదో సన్నగా కదులుతుంటే చాలదు. ఆ నీళ్ళు కూడా వంపేశాకే కరెంటు కుండలోకి. తెల్ల బీన్స్‌లో ఈ విషం ఎర్ర రాజ్మాలో ఉన్నదానికి మూడో వంతే, ఫూల్ గింజలో అంతకన్నా తక్కువ. అయినా నియమం అన్నిటికీ ఒకటే పెట్టుకుంటే మరిచిపోయే భయం ఉండదు. పొయ్యి సౌకర్యం లేని గదిలో ఉన్నవాళ్ళు డబ్బా బీన్స్ కొనుక్కోవాలి. వాటిని డబ్బాలోనే గట్టి వేడికి ఉడికించి ఉంటారు, భయం లేదు. ఫూల్ గింజ విషయంలో వేరే హెచ్చరిక ఒకటుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్ళకు ఆ గింజ తింటే ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. సౌదీ తూర్పు ప్రాంతంలో, ఖతీఫ్, అల్ అహ్సాల్లో ఈ లోపం ఎక్కువ. మనవాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. ఉందని తెలిసినవాళ్ళు ఫూల్ జోలికి వెళ్ళకూడదు.

ఇంత తతంగం దేనికి, ప్రెషర్ కుక్కర్ ఉంది కదా, నాలుగు కూతలకు దించేస్తే పోలా అంటారు. ఈ అభ్యంతరమే అన్నిటికంటే బలమైనది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 115 నుంచి 120 డిగ్రీల దాకా వెళుతుంది, విషం భయం ఉండదు, గంటలోపు పని అయిపోతుంది. ఇంట్లో మనిషి ఉంటే అదే మంచిది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. కానీ ఎవరి కోసం ఈ వంట అన్నది చూడాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీలో నిబంధన ఉంది. అందుకని ఆ నెలల్లో బయటి పనులు తెల్లవారకముందే మొదలవుతాయి. జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో, కడప నుంచో వచ్చి సైటులో పని చేసే మనిషి చీకటితో బస్సెక్కి, చీకటి పడ్డాక దిగుతాడు. అతనికి లేనిది పొయ్యి వేడి కాదు, పొయ్యి దగ్గర నిలబడే గంట. ప్రెషర్ కుక్కర్ త్వరగానే ఉడికిస్తుంది, కానీ ఆ త్వర సాయంత్రం అలసిన వేళ కావాలి, పక్కన మనిషీ కావాలి. స్లో కుక్కర్ తన ఎనిమిది గంటలను మనిషి లేని పగటిలోంచి తీసుకుంటుంది. గది తలుపు తీయగానే వాసన ఎదురొస్తుంది. కాళ్ళు కడుక్కుని కూర్చోవడమే. ఆ వేళకు ఒంటిలో సత్తువ లేక బ్రెడ్డు, గుడ్డు, ఒక పెరుగు డబ్బాతో సరిపెట్టుకునే రాత్రులు ఎన్నో తగ్గుతాయి. రెండూ కలిపి వాడుకునే దారి కూడా ఉంది. సెలవు రోజు తీరిగ్గా గింజలు ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, పూటకు సరిపడా పొట్లాలుగా డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవాలి. ముందు రాత్రి ఒక పొట్లం కింది అరలోకి మార్చి, గడ్డ విడిచాక పొద్దున కుండలో వేసుకోవాలి.

వండే తీరు చెబుతాను, నలుగురికి సరిపోయేది. తెల్ల బీన్స్ అర కిలో. ఇక్కడి దుకాణాల్లో ఫాసూలియా బైదా అని అడగాలి. రాత్రి నానబెట్టండి. సౌదీ వేసవిలో గట్టు మీద పెడితే తెల్లారేసరికి నురగ పట్టి పులుస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. నానే నీళ్ళలో చెంచాడు ఉప్పు వేయండి. ఉప్పు వేస్తే గింజ గట్టిపడుతుందన్నది పాత నమ్మకం, నిజం అటువైపు లేదు. ఉప్పు తోలులోని కాల్షియాన్ని కొంత బయటికి నెట్టి తోలును మెత్తబరుస్తుంది. నానుతున్న గింజను గమనించండి. ముందు తోలు ముడతలు పడుతుంది, వీపంతా అలలు లేచినట్టు ఉంటుంది. లోపలి పప్పు ఇంకా నీళ్ళు తాగలేదని దానర్థం. ఆ ముడతలు పోయి, నున్నగా, ఎండినప్పటికి రెట్టింపు అయినప్పుడే అది నానినట్టు. తర్వాత చెప్పిన ప్రకారం 30 నిమిషాలు మరిగించి వంపేయండి. ఈలోగా పెనం మీద నూనెలో గొర్రె పిక్క ముక్కలు, ఎముకతో అర కిలో, నాలుగు వైపులా ఎర్రబడేలా వేయించండి. స్లో కుక్కర్‌లో మాంసం ఎర్రబడదు, ఆ రుచి ముందే తెచ్చుకోవాలి. అదే పెనంలో రెండు ఉల్లిపాయలు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, చెంచాడు జీలకర్ర. అన్నీ కుండలోకి చేర్చి, పొగ మిరప పొడి, లియ్యా ముక్క, ఉప్పు వేసి, మరిగే నీళ్ళు గింజ మీద రెండు వేళ్ళ ఎత్తు పోయండి. చన్నీళ్ళు పోస్తే కుండ వేడెక్కడానికే రెండు గంటలు పడుతుంది. సన్న సెగ మీద 8 గంటలు. మూత తీసి చూడాలన్న కోరికను ఆపుకోవాలి. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్ళీ చేరడానికి చాలాసేపు పడుతుంది.

టమాటా, పాకం, పులుపు ఎక్కడా చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. అవి చివరి గంటలో. మన ఇళ్ళలో కందిపప్పు మెత్తగా ఉడికాక గాని చింతపండు పులుసు పోయరు, ముందే పోస్తే పప్పు ఉడకదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. దానికి కారణముంది. గింజ కణాలను అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు పులుపులో కరగదు. బెల్లం పాకాల్లోనూ మడ్డిలోనూ ఉండే కాల్షియం ఆ జిగురును ఇంకా బిగిస్తుంది. బావి నీళ్ళు గట్టివైన ఊళ్ళలో పప్పు ఉడకకపోవడం ఇందుకే. సముద్రతీర నగరాలకు వచ్చే ఉప్పు తీసిన నీళ్ళు ఈ విషయంలో అనుకూలం, లోపలి ప్రాంతాల బోరు నీళ్ళు కాదు. అలాంటి చోట తాగే నీళ్ళ డబ్బా వాడుకోవాలి. ఇక ఉడికిందో లేదో చూడటానికి గరిటెలో నాలుగు గింజలు తీసుకుని ఉఫ్‌మని ఊదండి. తోలు విచ్చుకుని వెనక్కి మడుచుకుంటే ఉడికినట్టే. అప్పుడు టమాటా ముద్ద మూడు చెంచాలు, దిబ్స్ రెండు చెంచాలు, కావాలంటే ఇక్కడి కబ్సా అన్నంలో వేసే ఎండు నల్ల నిమ్మకాయ లూమీ ఒకటి చిదిపి గింజ తీసి వేయండి. ఈ ఒక్క గంట మనిషి ఇంట్లో ఉండాల్సిందే. స్నానం, ఇంటికి ఫోను, అన్నం ఎసరు, ఈ మూడూ ఆ గంటలో సరిపోతాయి.

కరెంటు ఖర్చు గురించి అనుమానం ఉంటే లెక్క చూద్దాం. సన్న సెగ మీద 200 వాట్లు తీసుకునే కుండ 8 గంటల్లో 1.6 యూనిట్లు కాలుస్తుంది. ఇళ్ళకు నెలలో 6,000 యూనిట్ల వరకు యూనిట్ ధర 18 హలలాలు. వ్యాట్ 15 శాతం కలుపుకున్నా 33 హలలాలు, అంటే రియాల్‌లో మూడో వంతు. నలుగురి భోజనానికి ఇది లెక్కలోది కాదు. వోల్టేజీ మాత్రం చూసి తీరాలి. సౌదీ పాత ఇళ్ళలో 127 వోల్టుల సాకెట్లూ 220 వోల్టులవీ పక్కపక్కనే ఉంటాయి. అమెరికా నుంచి వచ్చిన 120 వోల్టుల కుండను 220లో గుచ్చితే అక్కడికక్కడే మాడిపోతుంది, అగ్గి కూడా పుట్టవచ్చు. కుండ అడుగున రాసి ఉన్న అంకె చదవకుండా ప్లగ్గు పెట్టకండి. ఇక లేబర్ క్యాంపుల్లో చాలా చోట్ల గదిలో వండటం నిషేధం. అది ఊరికే పెట్టిన ఆంక్ష కాదు. ఒకే సాకెట్టుకు నాలుగు తీగలు వేలాడే గదిలో, ఎనిమిది మంచాల మధ్య, మనిషి లేని వేళ ఏ పరికరమూ వేడెక్కి ఉండకూడదు. ఆ గదిలో ఈ కుండ పెట్టమని నేను చెప్పను. క్యాంపు వంటగదిలో చోటు ఇప్పించమని నలుగురూ కలిసి అడగడం సబబు. వంటకు ఒక గట్టు, సరైన సాకెట్టు, తాళం ఉన్న అర కల్పించడం యజమానికి భారం కాదు. మంచి తిండి తిన్న మనిషే మర్నాడు ఎండలో నిలబడగలడు. మధ్యలో కరెంటు పోయి, ఎంతసేపు పోయిందో తెలియకపోతే, చూడటానికి ఉడికినట్టు ఉన్నా ఆ కుండ పారబోయాల్సిందే. 4 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య వేడిలో క్రిములు వేగంగా పెరుగుతాయి. మిగిలిన కూరను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేర్చాలన్నదీ అందుకే. గది 32 డిగ్రీలు దాటి ఉంటే గంటలోపే.

బీన్స్ వాయువు చేస్తాయి, రోజంతా కష్టపడ్డ కడుపుకు మాంసమే కావాలి గాని గింజలేమిటనే మాట కూడా వినిపిస్తుంది. వాయువు నిజమే. మన చిన్న పేగుల్లో అరగని కొన్ని చక్కెరలు పెద్ద పేగులో పులిసి అది పుడుతుంది. నానబెట్టిన నీళ్ళూ మరిగించిన నీళ్ళూ వంపేస్తే ఆ చక్కెరలు కొంత తగ్గుతాయి. వారానికి రెండు మూడుసార్లు తింటూ ఉంటే కడుపు అలవాటు పడుతుంది. మొదటి రోజే పెద్ద గిన్నెడు తినకపోతే చాలు. సత్తువ మాటకొస్తే, అర కిలో ఎండు బీన్స్‌లో దాదాపు 110 గ్రాముల మాంసకృత్తులుంటాయి. నలుగురికి పంచితే తలా 27 గ్రాములు, మాంసంలోంచి వచ్చేది దీనికి అదనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజువారీ పళ్ళెంలో పప్పుగింజలకూ గుడ్లకూ మాంసానికీ కలిపి పెట్టిన కొలత 85 గ్రాములు. కానీ గల్ఫ్ గదుల్లో పళ్ళెం నిండా అన్నమే ఉంటుంది, పక్కన పలచని చారు ఉంటుంది, శుక్రవారం ఒక్కనాడు కోడికూర ఉంటుంది. ఆ అన్నంలో తక్కువైన లైసిన్ అనే అమైనో ఆమ్లం బీన్స్‌లో పుష్కలం. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. గింజల పీచు వల్ల అన్నంలోని చక్కెర రక్తంలోకి మెల్లగా చేరుతుంది. నలభై దాటాక మధుమేహం బయటపడే మనవాళ్ళకు ఇది చిన్న మేలు కాదు. అలాంటివాళ్ళు దిబ్స్ మానేసి, అన్నం సగానికి తగ్గించి, బీన్స్ పెంచుకోవాలి. డబ్బా బీన్స్ వాడేవాళ్ళు ఒకసారి నీళ్ళతో కడిగితే అందులోని ఉప్పు కొంతవరకు పోతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఇది మరవకూడదు.

ఇంత చేశాక తెలుగు నోటికి ఇంకొకటి మిగిలే ఉంటుంది. వడ్డించే ముందు చిన్న మూకుడులో నెయ్యి, నాలుగు ఎండుమిరపకాయలు, ఆవాలు, కరివేపాకు. ఆవాలు చిటపటమన్నాక మూత తీసి కుండలో పోస్తే, ఎనిమిది గంటలు నోరు మెదపని కుండ ఒక్కసారి సుయ్యిమంటుంది. వెంటనే మూత పెట్టి అయిదు నిమిషాలు ఆగండి. ఖుబూస్ రొట్టె తినేవాళ్ళు అందులో అద్దుకోవచ్చు, అన్నం తినేవాళ్ళు గుంట చేసి పోసుకోవచ్చు. ఎముకలో మూలుగు ఉంటుంది, దాన్ని పళ్ళెం అంచుకు తట్టి ముందు పిల్లలకో, గదిలో అందరికంటే చిన్నవాడికో ఇవ్వండి. మర్నాటికి కాస్త మిగిలితే పొద్దున వేడిచేసి గరిటె వెనకతో మెదిపి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసంతో ఫూల్‌లాగా తమీస్ రొట్టెకు పెట్టుకోవచ్చు.